భావనపాడులో బాప్తిస్మం

"ఈ గంజాం జిల్లా మొత్తమ్మీద నీ అంత గుండె దిటవు ఉన్నవాడు ఇంకొకడు లేడోయ్!" అన్నాడు డిప్యూటీ సూపరింటెండెంట్ రమణమూర్తి.

1914 అక్టోబరు. టెక్కలి ట్రావెలర్స్ బంగళా. ఎదురుగా నిలబడ్డ సీక్రెట్ ఏజెంట్ గణపతిరావు సిగ్గుతో తల దించుకున్నాడు. ఆఫీసరు దాన్ని వినయం అనుకున్నాడు.

గణపతిరావు తాత మందస కొండల్లో చిరుతను బల్లెంతో పొడిచి చంపిన మనిషి. ధైర్యం రక్తంలోనే వస్తుందని డిపార్ట్‌మెంట్ నమ్మకం. చచ్చిన ఆ చిరుత పేరు చెప్పుకునే మనవడు ఇన్నేళ్లూ నెట్టుకొస్తున్నాడు. తనది ఉత్త పిరికిగుండె అని అతనికొక్కడికే తెలుసు. అందులోనూ నీళ్లంటే మరీ హడల్.

"జర్మన్ గూఢచారుల రింగ్," రమణమూర్తి గొంతు తగ్గించాడు. "ఓడ నుంచి డైనమైట్ దిగబోతోంది. టార్గెట్ పలాస అవతలి రైలు వంతెన. సోల్జర్ల ట్రైన్ దాని మీద ఉండగా పేల్చేస్తారు. వాళ్ల మనిషి భావనపాడు క్రైస్తవుల మధ్య దాక్కున్నాడు. ఎవరో తెలీదు. అక్కడ మన ఏజెంట్ సువర్ణమ్మ ఉంది. కోడ్ వర్డ్: 'పీచు తడిసిందా?' జవాబు: 'ఎండకి ఆరింది.' నువ్వు బాప్తిస్మం కోరి వచ్చినవాడిలా వెళ్లు."

బాప్తిస్మం అంటే సముద్రంలో మునగాలి. అయినా గణపతిరావు "ఎస్ సర్" అన్నాడు.

కొబ్బరిపీచు వర్తకుడు దాలయ్యగా వేషం మారింది. చేతిలో సర్కారు వారి గొడుగు, దాని పిడిలో పిస్తోలు. భావనపాడు సంఘంలో కొత్తగా చేరేవాళ్లకు పాఠాలు చెప్పే పని బైబిలమ్మ మగ్దలీనది. ఆమె నడివయసు విధవ. వాక్యం ఎలా చెప్పేదో సముద్రం గురించీ అలాగే చెప్పేది. రోజూ పొద్దున్నే అతన్ని కెరటాల దగ్గరికి తీసుకెళ్లేది.

"ఏటి దాలయ్యా, మోకాల్లోతుకే అలాగ వణికిపోతన్నావు?"

"బయమమ్మా. పుట్టుకతోనే ఉంది."

"బయం అందరికీ పుట్టుకతోనే వొత్తాది. దైర్నమే నేర్సుకోవాల. నమ్మకమూ అంతే. అందుకే మాలో సంటిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు. తెలివొచ్చి, నమ్మి, ఒల్లంతా ములగాల."

"మీకు బయం లేదా?"

"నాకా! మా ఆయన్ని ఈ కెరటమే తినేసింది. శానా కాలం ఇటేపు తిరిగి సూళ్లేదు. తరవాత రోజుకో అడుగు ఏసుకుంటా వొచ్చినాను. ఇదిగో, కెరటం ఇరుగుతున్నప్పుడు నిలబడకు, పరిగెట్టకు. దాని కిందకి దూరిపో. నీ మీద నుంచి ఎల్లిపోద్ది."

అతను నడుములోతు దాకా రాగలిగాడు. అంతకు మించి కాళ్లు కదల్లేదు.

సువర్ణమ్మ ప్రార్థనల్లో హార్మోనియం వాయించేది. బంగారు ఫ్రేము కళ్లజోడు, పట్టుచీర, మనిషి కంటే ముందు వచ్చే సెంటు వాసన. కోడ్ వర్డ్ అయ్యాక చెవిలో చెప్పింది: "రింగ్ లీడర్ మగ్దలీనే. ఒంటరిగా ఒడ్డున తిరిగేది ఓడకు సిగ్నల్ ఇవ్వడానికే. రిపోర్ట్ పంపండి."

అతనికి నమ్మకం కలగలేదు. కానీ మగ్దలీన అరెస్టయితే మిషన్ ముగుస్తుంది, ఆదివారం జరిగే బాప్తిస్మంలో మునగక్కర్లేదు. ఆ ఆశతోనే రిపోర్ట్ పంపాడు. శనివారం కానిస్టేబుళ్లు ఆమెను టెక్కలి ఠాణాకు నడిపించుకుపోయారు. ఆమె వెనక్కి తిరిగి, "దాలయ్యా, నాను లేపోయినా మానీకు. ములుగు" అంది.

బాప్తిస్మం మాత్రం ఆగలేదు. ఆదివారం పొద్దున ఒడ్డు నిండా తెల్లబట్టలు. కొందరు అప్పటికే నడుములోతు నీళ్లలో నిలబడ్డారు. సిలోన్ నుంచి వచ్చానని చెప్పుకున్న పాస్టర్ వాల్టర్ జరిపిస్తున్నాడు. బైబిళ్ల పెట్టె వేసుకుని ఒక తెప్ప ఒడ్డుకు వస్తోంది.

ఒక తల్లి చంటిబిడ్డను దీవించమని చాపింది. వాల్టర్ అలవాటుగా నీళ్లు దోసిట్లోకి తీసుకుని, తండ్రి కుమార పరిశుద్ధాత్మల నామమున అంటూ బిడ్డ నుదుటి మీద మూడుసార్లు చల్లాడు.

పాట ఆగిపోయింది. పెద్దలు ముఖముఖాలు చూసుకున్నారు. గణపతిరావుకు మగ్దలీన పాఠం గుర్తొచ్చింది. వీడు ఆ సంఘం పాస్టరే కాదు! ఆమె ఇక్కడ ఉంటే వీడి గుట్టు చిటికెలో బయటపెట్టేది. అందుకే ఆమెను తప్పించారు. తప్పించింది తన చేత్తోనే!

గొడుగు వాల్టర్‌కి గురిపెట్టి నొక్కాడు. రోజూ కెరటాల దగ్గర తడిసిన పిస్తోలు టిక్కుమంది, పేలలేదు.

"సారీ, దాలయ్యగారూ," హార్మోనియం వెనక నుంచి సువర్ణమ్మ నవ్వింది. ఆమె చేతిలోని చిన్న పిస్తోలు మాత్రం పొడిగానే ఉంది.

గుట్టు రట్టయిందని వాల్టర్ చెయ్యి ఊపాడు. తెప్ప మీదివాడు బైబిళ్ల పేరుతో తెస్తున్న డైనమైట్ పెట్టెకున్న వత్తి అంటించి నీళ్లలో దూకేశాడు. కెరటం తెప్పను జనం మీదికి తోస్తోంది.

గణపతిరావు మొదట వెనక్కే పరుగెత్తాడు. నిజం దాచడం ఎందుకు? నాలుగడుగులు వెనక్కే వేశాడు. అప్పుడు ఠాణాలో కూర్చున్న మనిషి గుర్తొచ్చి గుండె మండింది. గిర్రున తిరిగి సముద్రంలోకి పడ్డాడు. తూటా చెవి పక్కనుంచి పోయింది. కొండలాంటి కెరటం విరుగుతోంది. నిలబడలేదు, పారిపోలేదు, కిందికి దూరిపోయాడు. తేలేసరికి చేతికి తెప్ప తగిలింది. వత్తి పెట్టె అంచు దాకా కాలింది. వేళ్లు కమిలిపోతున్నా వదలక పీకి పారేశాడు.

ఒడ్డున వాల్టర్ని పల్లెవాళ్లు వలేసి చుట్టేశారు. సువర్ణమ్మ మీద నలుగురు ఆడవాళ్లు కూర్చున్నారు.

"రక్తం ఎక్కడికి పోతుందోయ్!" అని టెక్కలిలో రమణమూర్తి భుజం తట్టాడు. గణపతిరావు నేరుగా ఠాణాలోకి వెళ్లి స్వయంగా తలుపు తీశాడు.

"అమ్మా, నా పేరు దాలయ్య కాదు, గణపతిరావు. పోలీసు మనిషిని. మీ మీద రిపోర్ట్ పంపింది నేనే. అనుమానం ఉండి కాదు. నీళ్లలో దిగడం తప్పుతుందని." సముద్రంలోకి దూకడమే ఇంతకంటే తేలికనిపించింది.

మగ్దలీన తన మూట కట్టుకుంది. "ములిగినావా?" అంది చివరికి.

"మునిగాను."

"మంచిది." మూట చంకన పెట్టుకుని బయటికి నడిచింది.

"క్షమించండమ్మా!"

ఆమె ఆగింది. కళ్లల్లో నీళ్లున్నాయి. "సెమించడమూ పుట్టుకతో రాదు నాయినా. నేర్సుకోవాల. ఇయ్యాల నాకు సేత కావట్లేదు. వొచ్చే ఆదివారం రా, సూద్దాం."

ఆ ఆదివారానికి గణపతిరావు సెలవు అడుగుతూ కారణం దగ్గర 'భయం' అని రాశాడు. డిపార్ట్‌మెంట్ అది జోకనుకుని వెంటనే శాంక్షన్ చేసింది.