గంటా పన్నెండు నిమిషాలకి ఏడ్చే దెయ్యం

ఆ మేడలో మూడో అంతస్తు చివరి వాటా సంగతి తెలిసినవాళ్ళెవరూ చీకటి పడ్డాక ఆ వరండాలో చెప్పులు కూడా విడవరు. విడిస్తే మళ్ళీ వాటి కోసం అటు వెళ్ళాలి కదా మరి.

తలుపుకి ఎప్పుడూ తాళం. కిటికీకి లోపలివైపు ఒక పాత దుప్పటి. అందులో ఉండే ముసలాయన ఒక చలికాలం రాత్రి నిద్రలోనే పోయాడు. డెబ్భై దాటిన మనిషి నిద్రలో పోతే ఎవరు మాత్రం ఏమంటారు, అదృష్టవంతుడన్నారు. ఆయన పోయిన రెండు నెలలకి, ఆ తాళం వేసిన వాటాలోంచి గొంతు మొదలైంది. రోజూ కాదు. చలి ముదిరి, గాలి అడ్డదిడ్డంగా తిరిగే రాత్రుల్లోనే. ముందు ఒక మూలుగు... తర్వాత నూతిలోంచి మాట్లాడినట్టు, బొంగురుగా —

"లేవండీ... లేవండీ..."

అంతే. మేడ మేడంతా లేచి కూర్చునేది.

దీనికి ఆ మేడవాళ్ళు రెండు నియమాలు పెట్టుకున్నారు. గొంతు వినపడగానే ఉన్నవాళ్ళు ఉన్నట్టుగా రోడ్డు మీదికి దిగిపోవాలి. తిరిగి లోపలికి వెళ్ళాక కిటికీలన్నీ బార్లా తెరిచి అరగంట ఉంచాలి, లేకపోతే దెయ్యం మంచం కింద దూరుతుందట. మోకాళ్ళ నొప్పులని పగలు ఒక్క మెట్టు దిగని లెక్కల మాస్టారు, ఎనభై ఏళ్ళ మనిషి, ఆ గొంతు వింటే రెండేసి మెట్లు దూకేవాడు. కింద లాండ్రీ ఆయన మెషిన్లూ నీళ్ళు కాచే బాయిలరూ అన్నీ ఆపేసి, చేతుల నిండా నురగతోనే బయటికి వచ్చేసేవాడు.

అందరికంటే ఆఖర్న దిగేది పెద్దమ్మ. పోయినాయన భార్య. ఆయన పోయాక ఆ వాటాకి తాళం పెట్టి, ఎదురుగా ఉన్న చిన్న గదిలోకి మారింది. తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, ఎర్రబడ్డ నుదురుతో మెల్లగా దిగేది. పాపం, భర్త గొంతు విని ఏడ్చి ఏడ్చి వస్తోందని అందరూ పక్కకి తప్పుకుని దారిచ్చేవాళ్ళు.

ఇలాంటి మేడలోకి మా అక్కనీ బావనీ తెచ్చిపెట్టింది ఎవరో కాదు, నేనే. నేనుండేది రెండో అంతస్తు. మూడో అంతస్తులో, ఆ చివరి వాటాని ఆనుకునే ఒక ఇల్లు ఖాళీ అయింది. అక్క దగ్గరగా ఉంటుంది కదాని ఆశ. దెయ్యాల సంగతి దాచలేదు, చెప్పాను. చెవికెక్కితేగా.

మా బావ ఉద్యోగమే కార్బన్ మోనాక్సైడ్ అలారాలు పరీక్ష చెయ్యడం. గ్యాసైనా బొగ్గైనా సరిగ్గా కాలకపోతే వచ్చే విషవాయువది. రంగుండదు, వాసనుండదు. మనిషికి తలనొప్పీ మత్తూ వస్తాయి, ఆ మత్తులోనే పని అయిపోతుంది. గాలిలో అది ఎంతుంటే డబ్బా ఎన్ని నిమిషాలకి అరవాలో బావ దగ్గరున్న పుస్తకంలో రాసి ఉంటుంది. పది లక్షల వంతుల గాలిలో యాభై వంతులుంటే గంట నిండకుండా అరవకూడదు, గంటన్నర దాటకుండా అరిచి తీరాలి. వంద ఉంటే పది నిమిషాలకీ నలభై నిమిషాలకీ మధ్య. మూడొందలైతే మూడు నిమిషాల్లోపే. బావ ఒక అద్దాల పెట్టెలో డబ్బాల్ని వేలాడదీసి, వాయువు వదిలి, స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చుంటాడు. ఆలస్యంగా అరిచినా ఫెయిలే, తొందరపడి అరిచినా ఫెయిలే.

"తొందరపడితే ఏం పోయింది బావా, ముందే చెప్తే మంచిదేగా" అన్నానొకసారి.

"ఊరికే అరిచేదాన్ని రెండుసార్లు చూస్తారు. మూడోసారి బ్యాటరీ పీకి సొరుగులో పడేస్తారు మరదలా."

మాట మాత్రం మంచిదే. అలాంటి మంచి మాటలన్నీ ఆఫీసులో ఖర్చయిపోయి ఇంటికి ఏమీ మిగలదు, అదీ మా బావతో చిక్కు. ఇంట్లో ఆయన పేరు కొలబద్ద. పొయ్యి మీద పాలు పొంగుతుంటే మంట తగ్గించడు, ఎన్ని సెకన్లకి పొంగాయో చూస్తాడు.

వస్తూనే పడగ్గది గోడకి ఒక అలారం బిగించాడు. తన చేత్తో పరీక్ష చేసి పాస్ చేసినది. ఆ మర్నాడు రంగులవాళ్ళొచ్చి గదులకి రంగులేసి పోయారు. దెయ్యం మాటెత్తితే నవ్వేవాడు.

"నా గోడ మీద డబ్బా ఉంది. అది అరిస్తే దిగుతా. దెయ్యం అరిస్తే దిగను."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఇంకేం చెప్తాం.

పదిహేను రోజులు ప్రశాంతంగా గడిచాయి. పదహారో రోజు సాయంత్రం గాలి మారింది. కిటికీ రెక్కలు ఒకవైపు కొట్టుకుని, మళ్ళీ రెండోవైపు కొట్టుకుంటున్నాయి. అక్కకి ఏడు దాటిందగ్గర్నుంచీ తలనొప్పి. చలికి కిటికీలన్నీ మూసుకుని, తలుపు దగ్గరకి వేసుకుని పడగ్గదిలో పడుకుంది. బావ ముందుగదిలో ఏవో కాగితాలు చూసుకుంటున్నాడు.

ఎనిమిదీ పన్నెండుకి గొంతు లేచింది.

"లేవండీ..."

నేను పొయ్యి కట్టేసి ఒక కాలికి నా చెప్పూ, రెండో కాలికి ఎవరిదో చెప్పూ వేసుకుని దిగాను. రోడ్డు మీద అందరూ వణుకుతూ నిలబడ్డారు. లాండ్రీ ఆయన నురగ దులుపుకుంటున్నాడు. మాస్టారు మనుషుల్ని లెక్కపెడుతున్నాడు. నేనూ లెక్కపెట్టాను. అక్క లేదు. బావ లేడు.

ఇక్కణ్ణుంచి కొంత నేను చూసింది కాదు. తర్వాత బావ నోట్లోంచి ముక్కముక్కగా పీకి తెలుసుకున్నది.

గొంతు వినగానే బావ చేసిన మొదటి పని టైం చూడటం. రెండో పని దాన్ని కాగితం మీద రాసుకోవడం. మూడో పని స్టాప్‌వాచ్ నొక్కడం.

పడగ్గదిలోంచి అక్క నీరసంగా అంది — "అందరూ దిగుతున్నారు... మనమూ పోదామా..."

"పడుకో. ఎవరో ఆట పట్టిస్తున్నారు. ఎంతసేపు ఆడతారో చూస్తాను. నిజంగా ఏదైనా ఉంటే నీ గోడ మీదున్నది అరవదూ?"

అక్క నమ్మింది. పదేళ్ళ కాపురంలో బావ చెప్పిన లెక్క తప్పిందెప్పుడని. ఆ మాటతో మళ్ళీ కళ్ళు మూసుకుంది. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది, ఎదురుగా బావ ఉంటే రెండు మాటలు అనకుండా ఉండలేను.

గొంతు నాలుగు నిమిషాలు ఏడ్చింది. ఆగింది.

మేడంతా నిశ్శబ్దం. బావ కలం తీసి 'నాలుగు నిమిషాల ఆరు సెకన్లు' అని రాయబోతున్నాడు... అప్పుడు వినపడింది.

చివరి వాటా తలుపు కిర్రుమంది.

అడుగులు. తడి అడుగులు... ఒకటి... ఇంకొకటి... వరండాలో నడుచుకుంటూ వస్తున్నాయి. మెట్లవైపు పోలేదు. ఇటే వచ్చాయి. మావాళ్ళ తలుపు ముందు ఆగాయి.

ఆ దెయ్యం అన్నాళ్ళలో ఎవరి తలుపూ తట్టలేదు.

తట్టింది. మూడుసార్లు.

'ఎవరూ' అని అడగబోయాడు బావ. గడియ వేసుకోలేదని అప్పుడు గుర్తొచ్చింది. తలుపు దానంతటదే తెరుచుకుంటున్నట్టు మెల్లగా తెరుచుకుంది...

విరబోసుకున్న తెల్ల జుట్టు. మొహం ఉండాల్సిన చోట తెల్లటి గుడ్డ, దాని పైన రెండు కళ్ళు. కుడిచేతిలో గుండ్రంగా ఏదో వేలాడుతోంది — తలకాయంత ఉంది.

"లేవండీ..." అంది అది, చాలా దగ్గర్నుంచి.

బావకి పై ప్రాణాలు పైనే పోయాయి. స్టాప్‌వాచ్ ఎక్కడ పడిందో తెలీదు. ఒక్క విషయానికి మాత్రం మెచ్చుకోవాలి — మనిషి వణుకుతూ కూడా పడగ్గదిలోకే పరిగెత్తాడు.

"ఏమే... లే... లేవవే..."

అక్క లేవలేదు.

కుదిపాడు. కళ్ళు సగం తెరిచింది. లేపి నిలబెడితే కాళ్ళు నిలవలేదు. అప్పుడు బావ ఇంకేదీ చూడలేదు. అక్కని భుజాన వేసుకుని, కళ్ళు మూసుకుని, ఆ దెయ్యం ఎదుటికే దూసుకెళ్ళాడు. దెయ్యం పక్కకి తప్పుకుని తలుపు పట్టుకుంది. ఆ కంగారులో బావ దానికి 'థాంక్సండీ' అని కూడా అన్నాడట.

నేను మెట్లెక్కబోతుంటే ఇద్దరూ ఎదురొచ్చారు. రోడ్డు మీద కూర్చోబెట్టాం. చల్లగాలి తగిలాక అక్క వాంతి చేసుకుంది, తల పగిలిపోతోందంది. మాట వచ్చినందుకే నేను ఏడ్చేశాను. మాస్టారు అప్పటికే అంబులెన్సుకి ఫోన్ చేస్తున్నాడు.

బావ పైకి, తన కిటికీవైపే చూస్తున్నాడు. "మత్తు... తలనొప్పి... ఇది అదే. మరి డబ్బా ఎందుకు అరవలేదు" అని గొణుక్కుంటున్నాడు. ఉన్నట్టుండి రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"సంచి" అన్నాడు.

"ఏం సంచి బావా?"

"రంగుల వాసనకి లోపలి సెన్సర్ పాడవుతుందని... రంగులవాళ్ళు రాకముందు దానికి ప్లాస్టిక్ సంచి తొడిగాను. నేనే తొడిగాను. తియ్యలేదు."

పదిహేను రోజులుగా ఆ డబ్బా తన సంచిలో గాలి తాను పీల్చుకుంటూ సుఖంగా కూర్చుంది. కింద మా అక్క పడుకుంది.

బావ లాండ్రీ ఆయన వైపు తిరిగాడు. "బాయిలర్ ఎన్నింటికి వెలిగించావు?"

"ఏడింటికి సార్. రోజూ ఏడింటికే."

"ఏడు... ఎనిమిదీ పన్నెండు... గంటా పన్నెండు నిమిషాలు" అని నా వైపు తిరిగి, గొంతు తగ్గించి వేళ్ళు మడిచాడు. "గంట దాటింది, గంటన్నర దాటలేదు. యాభై వంతులు. మరదలా, పైన ఎక్కడో ఒక అలారం ఉంది, బుద్ధిగా పనిచేస్తోంది. అదున్న చోట యాభై ఉంటే... లాండ్రీ పొగగొట్టం మా పడగ్గది గోడనే ఆనుకుని పోతుంది, గాలి ఎదురు తిరిగిన రాత్రి పొగ వెనక్కి తన్ని పగుళ్ళలోంచి లోపలికొస్తుంది... అక్కడ ఎంత ఉండి ఉంటుంది..." ఆ లెక్క మాత్రం పూర్తిచెయ్యలేకపోయాడు.

అప్పుడు పెద్దమ్మ దిగింది. ఎప్పట్లాగే ఆఖర్న. అందరూ ఎప్పట్లాగే దారిచ్చారు. మెడలో తడి తువ్వాలు, కుడిచేతిలో ఒక ప్లాస్టిక్ బకెట్. నుదుటి మీద బకెట్ అంచు గుండ్రంగా, ఎర్రగా అచ్చుపడి ఉంది.

అక్క పక్కన కూర్చుని తల నిమిరింది. తర్వాత మా ఇద్దరికే వినపడేలా అంది — "పైనుంచి లెక్కపెడితే రెండు తలలు తగ్గాయి. అందుకే తలుపు తట్టాల్సొచ్చింది."

నేను బకెట్ వంక చూశాను. అందులో తల పెట్టి మాట్లాడితే గొంతు ఎలా వస్తుందో మీరూ ఒకసారి ప్రయత్నించి చూడండి, ఇంట్లో పిల్లలు లేనప్పుడు.

"అలారం..." అన్నాడు బావ.

"మా గదిలో ఉంది నాయనా. అది కుయ్యిమనగానే నోరు నొక్కేస్తా. ఆ వాటాలోకి పోయి, అవతలి కిటికీ తెరిచి పెట్టుకుని మొదలుపెడతా."

"ఆ తడి తువ్వాలు ఈ వాయువుని ఆపదు పెద్దమ్మా."

"ఆపుతుందని ఎవరు కట్టుకున్నారు? మొహం కనపడితే దెయ్యమంటారా?"

బావ ఇంకా మెల్లగా అడిగాడు. "ఇంత అవస్థ ఎందుకు... అలారం మోగిందని చెప్పొచ్చుగా."

"చెప్పాను. మొదటిసారి అందరూ దిగారు. లాండ్రీ ఆయన అన్నీ ఆపేశాడు, కిటికీలు తెరిచాం. గ్యాసువాళ్ళు వచ్చేసరికి వాళ్ళ మీటర్లో సున్నా. రెండోసారీ సున్నా. నీ డబ్బాకి పిచ్చెక్కింది, అవతల పారెయ్యి అన్నారు." తువ్వాలు అంచు మడతపెట్టింది. "మూడోసారి ఒక్కరూ లేవలేదు. మా ఆయన కూడా లేవలేదు. అది అలాగే అరుస్తుంది, పడుకోవే అన్నాడు. నేను కిందికొచ్చి తలుపులన్నీ తట్టి, పైకి వెళ్ళేసరికి..."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి మంచులా ఉంది.

"డబ్బాకి లేవనివాళ్ళు ఆయన గొంతనుకుని లేస్తున్నారు. నాకంతే చాలు నాయనా."

"రేపు రాత్రి ల్యాబు మీటరు తెచ్చి, బాయిలర్ ఆపకముందే అంకెలు చూపిస్తాను" అన్నాడు బావ. "పొగగొట్టం మార్పించే పూచీ నాది." మార్పించాడు కూడా. ఇప్పుడు కొత్త గొట్టం ఉంది కాబట్టే మీకిదంతా చెప్తున్నాను.

"మంచిది. అది మారేదాకా నా పని నన్ను చేసుకోనీ" అంది పెద్దమ్మ.

ఇంతలో మాస్టారు కర్ర టకటకలాడించుకుంటూ వచ్చాడు. వెనకే మేడంతా వచ్చి చుట్టూ మూగింది.

"ఏమయ్యా, దెయ్యం లేదు గియ్యం లేదన్నావు. మరి పెళ్ళాన్ని భుజానేసుకుని ఎందుకు దిగావు?"

బావ లేచి నిలబడ్డాడు. జీవితంలో అర సెకను కూడా ఎక్కువా తక్కువా చెప్పి ఎరగని మనిషి. పెద్దమ్మని చూశాడు. నా ఒళ్ళో తలపెట్టుకుని ఊపిరి పీల్చుకుంటున్న అక్కని చూశాడు.

"ఉంది మాస్టారూ" అన్నాడు. "నా రెండు కళ్ళతో చూశాను. తలుపు తీసుకుని లోపలికే వచ్చింది. అది పిలిచాక ఎవరైనా ఇంట్లో ఉంటే... బతకరు."