ఎత్తి తాగిన నీళ్ళు

కెనడా రాజధాని ఆటవా పక్కన కనాటాలో ఒక టెలికాం కంపెనీ పార్కింగ్ లాట్. లంచ్ టైమ్. తారక్ అనే ఇంజనీర్ కారు దిగి, స్టీల్ సీసా మూత తీసి రెండు గుక్కలు తాగాడు. మళ్ళీ మూత పెట్టడానికి చేతులు లేవలేదు. అంబులెన్స్ వచ్చేసరికి కారు టైరుకి ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే చచ్చిపోయి ఉన్నాడు.

ల్యాబ్‌లో సీసా పరీక్షించారు. లోపలున్నవి మంచినీళ్ళే. అతని ఒంట్లో మాత్రం నరాల్ని పట్టేసే విషం. సీసా మూతిని ఎవరో శుభ్రంగా తుడిచేశారు. ఆ సంగతి అప్పుడు ఎవరి బుర్రకీ ఎక్కలేదు.

మర్నాడే ఏజెంట్ మహీధర్‌కి పిలుపొచ్చింది. ఆటవాలో బోర్డు లేని గూఢచారి ఆఫీస్ అది. సెక్షన్ చీఫ్ మీనాక్షి హైదరాబాద్ నుంచి అమెరికా మీదుగా వచ్చిన మనిషి. కుశల ప్రశ్నలు వేసే అలవాటు లేదు. టేబుల్ మీద మొరాకో మ్యాప్ పరిచి మొదలుపెట్టింది.

టొరంటో చుట్టుపక్కల తెలుగు జంటల్ని మొరాకోకి బైక్ టూర్ తీసుకెళ్ళే కంపెనీ ఒకటుంది. బైకులు ఇక్కణ్ణుంచే ఎయిర్ కార్గోలో వెళ్తాయి, కార్గోలోనే తిరిగొస్తాయి. దాని వెనకాల ఒక విదేశీ ముఠా ఉంది. తారక్ పెళ్ళాంతో కలిసి ఆ టూర్‌కి వెళ్ళాడు. అక్కడ అతని లాప్‌టాప్‌లోంచి కంపెనీ నెట్‌వర్క్ డిజిటల్ తాళాలు కొట్టేశారు. పోలీసులకి చెప్తానన్నాడు, చచ్చాడు. తాళాలు ముఠా చేతిలో ఉన్నాయి. వాటితో నడిచే పరికరం ఒకటి రాబోయే టూర్‌లో ఎవరిదో ఒక బైకులో దాక్కుని కెనడా వస్తుంది. అది పనిచేసిందంటే ఒంటారియో మొత్తం మీద నైన్ వన్ వన్ ఫోన్లు మూగబోతాయి. ఇల్లంటుకున్నా, గుండె ఆగినా, ఫోన్ ఎత్తే దిక్కుండదు.

"ముఠాలో మనకో సోర్స్ ఉంది. చాందిని. టూర్ లీడర్ తనే," అంది మీనాక్షి. "కానీ మీరెవరో చాందినికి కూడా తెలియకూడదు. ఇది రూల్."

మహీధర్ కొత్త పేరు షాలేమ్ రాజు. టొరంటో పక్కన ఏజాక్స్‌లో ఉండే క్రిస్టియన్ జంటలో భర్త. భార్య వేషం ఏజెంట్ గ్లోరియాది. ఆమెకి పేరు మార్చక్కర్లేదు. ఆమె నిజంగానే ఏజాక్స్ పిల్ల, కృష్ణా జిల్లా నుంచి వచ్చిన కుటుంబం. ముఠా ఎంత తవ్వినా చర్చి, చుట్టాలు, ఫొటోలు అన్నీ అసలువే దొరుకుతాయి. అద్దంలో కెమెరా ఉన్న బైక్ ఇచ్చారు. హెల్మెట్‌లో మైక్, చెరో పిస్టల్, విషానికి విరుగుడుగా తొడలో గుచ్చుకునే ఇంజెక్షన్ పెన్ చెరొకటి. ఆపదలో అనాల్సిన మాట: ఇంజన్ ఆయిల్ మార్చాలి.

మహీధర్ ఆఫీస్‌లో పేరున్న ఏజెంట్. మూడు భాషల్లో అబద్ధం ఆడగలడు. కులం గిలం తనకి పట్టవని పార్టీల్లో గట్టిగా చెప్తాడు. అలా చెప్పేవాళ్ళని ఎక్కడ గోకాలో అక్కడ గోకితే లోపలి రంగు బయటపడుతుంది.

మొరాకోలో దిగి, మరకేష్‌లో బండి ఎక్కేటప్పుడే మొదటి పేచీ. గ్లోరియా తాళాలు తీసుకుని ముందు సీట్లో కూర్చుంది. మొగుడు వెనక కూర్చుంటే ఎలా ఉంటుందని మహీధర్ గొణిగాడు.

"ఎక్కండి, ఏవండీ," అంది గ్లోరియా, ఆ చివరి మాటని సాగదీసి. "పడిపోకుండా పట్టుకోండి. పెళ్ళాన్నేగా, ఫర్లేదు."

బండి ఆమె చేతిలో నీళ్ళు పారినట్టు పోయింది. ఎర్ర గోడల ఊళ్ళు దాటి అట్లాస్ కొండల మెలికల్లోకి ఎక్కారు. దారిపొడవునా గ్లోరియా హెల్మెట్ మైక్‌లో చర్చి పాటలు కూనిరాగం తీసేది. మహీధర్ తన హెల్మెట్‌లో సౌండ్ తగ్గించుకునేవాడు. కొండ మలుపులో గులకరాళ్ళ మీద బండి జారింది. ఇద్దరికీ ఏం కాలేదు గానీ, మహీధర్ నీళ్ళ సీసా టైరు కింద పడి అప్పడమైంది.

గ్లోరియా తన స్టీల్ సీసా అందించింది. మహీధర్ తలెత్తి, సీసాని పెదవులకి ఆనకుండా పైకెత్తి, నోట్లోకి ధార పోసుకున్నాడు. సగం నీళ్ళు చొక్కా మీద పడ్డాయి. గ్లోరియా చూసింది. హెల్మెట్ పెట్టేసుకుంది. ఇంట్లో చిన్నప్పటి నుంచీ అలవాటు, శుభ్రత అని మహీధర్ తనకు తానే చెప్పుకున్నాడు. ఆ మాట నిజమేనేమో, సాయంత్రం దాకా.

సాయంత్రం కొండల అవతల వర్జాజాత్ ఊళ్ళో పుదీనా టీ దగ్గర చాందిని అతని పక్కన కూర్చుంది. లెదర్ జాకెట్, నల్లద్దాలు, నవ్వితే పక్క టేబుళ్ళు తిరిగి చూస్తాయి. గ్లోరియా బండి దగ్గరుంది. చాందిని ఊరడిగింది, చదువడిగింది. తర్వాత అద్దాలు పైకి తోసి అతన్ని తేరిపార చూసింది.

"షాలేమ్ రాజు గారూ, ఒక మాటంటే ఏమనుకోరుగా. మిమ్మల్ని చూస్తే అలా లేరు."

"అలా అంటే?"

"అదే. వాళ్ళలా లేరు. ఇంటిపేరేంటి?"

మహీధర్‌కి ఒళ్ళంతా ఒక రకమైన గర్వం పాకింది. తుపాకీ గురిపెట్టినా నోరు విప్పని ఏజెంట్, దేశం కోసం ఏ వేషమైనా వేసే ఏజెంట్, ఆ వేషంలో తనని 'వాళ్ళ'లో ఒకడనుకుంటే మాత్రం ఒక పూట ఓర్చుకోలేకపోయాడు. అసలు ఇంటిపేరు చెప్పేశాడు, దాని వెనకాలే అసలు పేరు కూడా. ఆ ఇంటిపేరు ఇక్కడ అనవసరం. ఏది రాసినా చదివేవాళ్ళు వెంటనే లెక్క కట్టేస్తారు, అతనూ ఆమే కట్టినట్టే.

"అయ్యో, మనవాళ్ళేనా," అంది చాందిని. తను తాగుతున్న గ్లాసే అతని ముందుకి తోసింది. "ఇది రుచి చూడండి, చక్కెర సరిపోయిందో లేదో."

మహీధర్ ఆ గ్లాసు అందుకుని, ఆమె లిప్‌స్టిక్ మరక ఉన్న అంచు మీదే పెదవులు ఆనించి తాగాడు. చక్కెర సరిపోయింది. తలెత్తేసరికి బండి పక్కనుంచి గ్లోరియా చూస్తోంది.

అతని వేషం తేలిపోయాక చాందిని తన ముసుగు కూడా తీసేసినట్టు మాట్లాడింది. తను ఆఫీస్ మనిషినని, పరికరం మహీధర్ వాళ్ళ బండిలోనే పెట్టిస్తున్నారని, కస్టమ్స్‌లో ఆపకుండా వదిలేస్తే టొరంటో పక్కన ఎటోబికో కార్గో గోడౌన్‌లో దాన్ని అందుకోవడానికి వచ్చేవాణ్ణి పట్టుకోవచ్చని చెప్పింది. మహీధర్‌కి ప్లాన్ బ్రహ్మాండంగా కనిపించింది.

ఆదివారం పొద్దున గ్లోరియా కనపడలేదు. ఎండెక్కాక వచ్చింది, బూట్ల నిండా దుమ్ముతో.

"చాందిని వెనకాలే వెళ్ళా," అంది. "గ్యారేజ్‌లో మన ట్యాంక్ విప్పించింది. మెకానిక్‌కి ఏది ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపిస్తోంది. ఆవిడ సోర్స్ కాదు మహీధర్. ఆవిడే బాస్."

"నాకు చెప్పకుండా ఎందుకెళ్ళావ్?"

"చెప్తే నువ్వు పోయి ఆవిడకి చెప్తావ్ కాబట్టి."

మహీధర్‌కి చెంప మీద కొట్టినట్టయింది. తప్పు చేసినవాడికి నిజం వింటే వచ్చే కోపం వేరు. ఆ కోపంలోనే ఆఫీస్‌కి మెసేజ్ పంపాడు. చాందిని నమ్మకస్తురాలు, గ్లోరియా మీద అనుమానంగా ఉంది, చెప్పకుండా మాయమవుతోంది. రుజువేమిటని మీనాక్షి అడగలేదు. అతని మాట చాలింది.

టొరంటో పియర్సన్ ఎయిర్‌పోర్ట్‌లో దిగగానే ఆఫీస్ మనుషులిద్దరు వచ్చి గ్లోరియా దగ్గర పిస్టల్, పెన్, హెల్మెట్ మైక్ తీసేసుకున్నారు. మిషన్ అయ్యేదాకా మహీధర్ కళ్ళ ముందే ఉండాలన్నారు. గ్లోరియా జాకెట్ జిప్పు పైదాకా లాక్కుని, "నువ్వేనా?" అని మాత్రం అడిగింది. మహీధర్ టాక్సీ కోసం చూస్తున్నట్టు తల తిప్పుకున్నాడు.

ఎటోబికో గోడౌన్. కిటికీల్లోంచి పొద్దుటి ఎండ. హీటర్ మోత, డీజిల్ వాసన, గాల్లో అట్టముక్కల దుమ్ము. బండి సెంటర్ స్టాండ్ మీద నిలబడి ఉంది. బ్యాకప్ టీమ్ రెండు వీధుల అవతల వ్యాన్‌లో ఉంది, మహీధర్ పిలిస్తేనే కదులుతుంది. చాందిని కూడా వచ్చి వాళ్ళతో పాటు పెట్టెల వెనక కూర్చుంది. ఎంతసేపటికీ ఎవరూ రాలేదు. గొంతులు ఎండిపోయాయి. చాందిని లేచి, గ్లోరియా స్టీల్ సీసా తీసుకెళ్ళి, ఆమె చూస్తుండగానే ముందు కుళాయి కింద దోసిలి పట్టి తాగి, అవే నీళ్ళు నింపుకొచ్చింది.

గ్లోరియా తాగింది. సీసా మహీధర్‌కిచ్చింది. చాందిని అప్పటికే బండి వైపు తిరిగి, ట్యాంక్ మూత తిప్పుతోంది. మహీధర్ తలెత్తి, ఎప్పటిలాగే ధార పోసుకున్నాడు.

సీసా కింద పెట్టేలోపు గ్లోరియా పక్కకి ఒరిగింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఊపిరి ఈలలా వస్తోంది. పార్కింగ్ లాట్‌లో తారక్, మంచినీళ్ళు, తుడిచిన సీసా మూతి, అన్నీ ఒక్కసారి అతని తలలో కలిశాయి. తనూ అవే నీళ్ళు తాగాడు. విషం నీళ్ళలో లేకపోవచ్చు, ఉండొచ్చు. చేతిలో ఉన్నది ఒక్కటే పెన్.

చాందిని వెనక్కి చూసేలోపు మహీధర్ కూడా నేలకి ఒరిగాడు. నటన. ఇంతవరకూ ఏజెంట్ పనే. కానీ ఒంటి కింద దాచిన చెయ్యి పెన్‌ని గ్లోరియా తొడ మీద కాదు, తన తొడ మీద ఆనించి పట్టుకుంది. కాళ్ళు బిగుసుకుంటాయేమోనని, ఊపిరి ఆగుతుందేమోనని ఎదురుచూశాడు. పక్కన ఆమె ఈల సన్నబడుతోంది. అతనికి ఏమీ కాలేదు.

ఎందుకు కాలేదో అప్పుడు తెలిసింది. విషం పూసింది సీసా మూతికి, బయటి అంచుకి. పెదవులు ఆనించినవాళ్ళకే అది ఎక్కుతుంది. ఆమె ఎంగిలి తనకి అంటకూడదని జీవితమంతా మోసుకొచ్చిన రోతే అతన్ని బతికించింది.

మహీధర్ పెన్ ఆమె తొడలో గుచ్చాడు.

అటు చాందిని ట్యాంక్ లోంచి చక్కెర బిళ్ళంత పరికరం తీసి, బండి పక్కనే నేల మీద లాప్‌టాప్‌కి తగిలించింది. తెర మీద ఆకుపచ్చ గీత సాగుతోంది, అది చివర తాకితే నైన్ వన్ వన్ మూగబోవడమే. తీరిగ్గా మాట్లాడింది, చచ్చేవాళ్ళతో మాట్లాడే తీరిక అది.

"మీ బండిని కస్టమ్స్ వాళ్ళు ముట్టుకోలేదు మహీధర్ గారూ. మీ ఆఫీసే దగ్గరుండి దాటించింది. ఇంటిపేరు ఒక్కటే అడిగా. మిగతా పనంతా మీరే చేశారు."

గీత చివరికొస్తోంది. పిస్టల్ తన ఒంటి కింద ఇరుక్కుంది, తీసే వ్యవధి లేదు. గ్లోరియా కళ్ళు కదిలాయి. బండి వైపు, మళ్ళీ అతని వైపు, మళ్ళీ బండి వైపు. ఈసారి మహీధర్ ఆమె మాట విన్నాడు. రెండు కాళ్ళూ ముడిచి, ఉన్న బలమంతా పెట్టి బండిని తన్నాడు. అట్లాస్ కొండలు దాటిన ఆ ఇనుము మొత్తం స్టాండ్ మీంచి ఒరిగి, లాప్‌టాప్ మీదా చాందిని కాలి మీదా పడింది. తెర ఆరిపోయింది. గీతకి ఇంకొక వెంట్రుక దూరం మిగిలే ఉంది.

"ఇంజన్ ఆయిల్ మార్చాలి," అన్నాడు మైక్‌లో. గొంతు ఏడుపులా వచ్చింది.

బండి కింద నుంచి చాందిని అతన్నే చూస్తోంది. "నీకేం కాలేదేంటి?" అని అడిగింది, నిజంగానే అర్థంకాక. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడం కన్నా విషం తాగడమే నయమనిపించింది మహీధర్‌కి.

కానీ చెప్పాల్సి వచ్చింది. ఆటవాలో మీనాక్షి అదే ప్రశ్న అడిగింది. ఎత్తి తాగానన్నాడు. ఆమె మెచ్చుకోలుగా తలూపి, మా ఇంట్లోనూ అంతే, శుభ్రత అంది. 'ఫీల్డ్ హైజీన్' అని టైప్ చేసింది. కొత్తగా చేరేవాళ్ళకి ట్రైనింగ్‌లో నేర్పిద్దామంది.

"చాందిని ఎంగిలి గ్లాసులో తాగాను మేడమ్," అన్నాడు మహీధర్. "గ్లోరియా సీసా దగ్గరే శుభ్రత గుర్తొచ్చింది. గ్లోరియా మీద అనుమానమని రాసిందీ అందుకే. మీరు రుజువు అడక్కపోయిందీ అందుకే."

మీనాక్షి వేళ్ళు కీబోర్డ్ మీద ఆగాయి. తర్వాత లాప్‌టాప్ మూసేసి, బయట వర్షం పడేలా ఉందని చెప్పింది. రిపోర్ట్‌లో ఫీల్డ్ హైజీన్ అలాగే ఉండిపోయింది. మహీధర్‌కి మెడల్ సిఫార్సు చేశారు.

గ్లోరియా ఆస్పత్రి నుంచి ఏజాక్స్ ఇంటికి వచ్చాక మహీధర్ చూడ్డానికి వెళ్ళాడు. దారంతా ఒక క్షమాపణ తయారు చేసుకున్నాడు. ఆమె తల్లి దయావతి తలుపు తీసి, మా పిల్లని బతికించావు బాబూ అని చేతులు పట్టుకుంది.  సోఫాలో గ్లోరియా దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది, చిక్కిపోయింది, కళ్ళు మాత్రం ఎప్పటివే. మహీధర్ ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు. తయారు చేసుకున్నది మొదలుపెట్టేలోపే ఆమె అందుకుంది.

"పెన్ ముందు ఎవరి తొడ మీద పెట్టావో చూశాను," అంది గ్లోరియా, తల్లి వంటింట్లోకి వెళ్ళాక. "కదల్లేకపోయా గానీ, అన్నీ కనపడుతూనే ఉన్నాయి."

అతను తల దించుకున్నాడు. తలెత్తమని ఆమె అనలేదు.

దయావతి ట్రేలో టీ తెచ్చింది, మెరిసే స్టీల్ గ్లాసుల్లో. మహీధర్ గబుక్కున చెయ్యి చాచాడు. అలా చాచి ఏదో రుజువు చేద్దామని. గ్లోరియా ట్రేని పక్కకి జరిపింది.

"అతనికి ఇంట్లో గ్లాసులొద్దమ్మా. అలవాటు లేదు. గరాజ్‌లో పేపర్ కప్పులున్నాయిగా, అందులో పొయ్యి."

దయావతి కూతురి మొహం చూసింది, అతని మొహం చూసింది. అడగాల్సిందేదో అడక్కుండానే అర్థమైనట్టుంది. వెళ్ళి పేపర్ కప్పు తెచ్చి, టీ పోసి, అతని చేతికివ్వకుండా ముందున్న బల్ల మీద పెట్టింది.

మహీధర్ ఆ కప్పు తీసుకుని పెదవులు ఆనించే తాగాడు. ఎత్తి పోసుకోవడానికి టీ మరీ వేడిగా ఉంది.