పదమూడు జానల చాప

లాంగికి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. తన చదువు తొమ్మిదో తరగతిలో తెగినట్టే, కూతురు ఒలియానా చదువూ తెగిపోతుందని.

సోమవారం పొద్దున 10:20కి ఆ భయం పోలీసు జీపెక్కి స్కూలుకొచ్చింది.

లెక్కల పరీక్ష 9:30కి అయిపోయింది. 9:40కి తూమువా మాస్టారు బీరువా తెరిచాడు. జవాబుల కీ లేదు. అనుమానం ఒలియానా మీద. రుజువైతే స్కూలు నుంచి పంపించేస్తారు.

కబురందేసరికి లాంగి చాప చివరి అంచు ముడుస్తోంది. దాన్ని అలాగే చంకన పెట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

సార్జెంట్ సోలియాయి కుర్చీ లాక్కుంది.

"ప్రశ్న చదవండి మాస్టారూ."

"దీర్ఘచతురస్రం. వెడల్పు కన్నా పొడవు ఏడు ఎక్కువ. కర్ణం పదమూడు. వెడల్పెంత?"

"ఈ పిల్ల ఏం రాసింది?"

"అయిదు. జవాబు కరెక్టే. కానీ ఒక్క స్టెప్పు లేదు, సమీకరణం లేదు. కీ చూడకుండా ఎలా వస్తుందండీ?"

"ఏమ్మా, ఎలా చేశావ్?"

ఒలియానా తల దించుకుంది. "అమ్మ చాపలో ఉంది."

మాస్టారు పకపకా నవ్వాడు. "విన్నారా! చాపలో ఆల్జీబ్రా అట!"

చదువుకున్నవాళ్ళ ముందు నోరు విప్పడం లాంగికి చేతకాదు. అయినా లేచింది. చాప నేల మీద పరిచింది. జాన వేసి కొలిచింది.

"ఇటు అయిదు జానలు. అటు పన్నెండు. మూల నుంచి మూలకు పదమూడు రావాలండి. రాకపోతే చాప వంకర పోయినట్టే, విప్పేయాలి. చిన్నప్పట్నుంచీ మా పిల్లతోనే కొలిపిస్తున్నా."

లాంగి మూల నుంచి మూలకు జానలు వేస్తుంటే సార్జెంట్ మోకాళ్ళ మీద కూర్చుని లెక్కపెట్టింది. పదమూడు.

"మరి కీ ఎవరు తీసినట్టు?" మాస్టారు గొణిగాడు.

"పోయిన కీలో కర్ణం ఎంత?"

"పదమూ..." అతను ఆగిపోయాడు. "కాదు, పదిహేడు! పోయినేడాది అంకే ఇచ్చావని హెడ్మిస్ట్రెస్ గారు కోప్పడితే శుక్రవారం 5:00కి ప్రశ్న మార్చాను. బీరువాలో ఉన్నది పాత కీ."

"దాని జవాబు?"

"ఎనిమిది."

"బాగుంది మాస్టారూ! అయిదు రాసిన పిల్లను పట్టుకుని దొంగంటున్నారు. ఎనిమిది ఎవరు రాశారో చూశారా?"

"మిగతావి ఇంకా దిద్దలేదండీ..."

సార్జెంట్ కట్ట తిరగేసింది. పదకొండో కాగితం. ముత్యాల్లాంటి రాత. స్టెప్పులన్నీ ఉన్నాయి. పదమూడు వర్గం 169 ఉండాల్సిన చోట పదిహేడు వర్గం 289 ఉంది. జవాబు ఎనిమిది. ప్రశ్న చదవకుండానే బట్టీ పట్టిందంతా దించేసింది.

పైన పేరు లోసా. పాస్టరు గారి అమ్మాయి. శనివారం బీరువా ఉన్న గది ఊడ్చే వంతు ఆమెదే.

పిలిపిస్తే లోసా వెక్కి వెక్కి ఏడ్చింది. "ఈసారి తప్పితే చదువు మాన్పించేస్తామన్నారు ఇంట్లో..."

లాంగి ఉలిక్కిపడింది. అది తన భయమే. వేరే పిల్ల నోట్లోంచి వచ్చింది.

11:05కి ఒలియానా క్లాసుకెళ్ళింది. లోసాను ఇంటికి పంపించేశారు.

మధ్యాహ్నం 3:00కి లాంగి లోసా ఇంటి దారినే వచ్చింది. స్తంభాలే తప్ప గోడలు లేని ఆ ఇంటి చుట్టూ, వానొస్తేనే దించే ఆకు తెరలన్నీ పట్టపగలు దించేసి ఉన్నాయి. వాన లేదు, గాలి లేదు. ఆమె ఆగింది. చాప మెట్టు దగ్గర దించింది. తెర ఎత్తుకుని లోపలికెళ్ళింది.

మీ వీధిలోనూ పరీక్ష తప్పి తలుపేసుకున్న పిల్ల ఉండే ఉంటుంది. రేపటిదాకా ఆగకండి. ఒక్కసారి వెళ్ళి చూసి రండి.