బిషప్పుల కార్డుల వరస

“పెద్దవాణ్ణి నేనుండగా పప్పు ముందు బావకా?”

రాయపరెడ్డి గద్దింపు గుమ్మం దాకా వినిపించింది. జుమ్మా నమాజు ముగించుకుని భోజనానికి వచ్చిన ఖాదర్‌వలి చెప్పులు విప్పుతూ ఆగాడు. టైము ఒకటీ నలభై.

“గరిటెడు పప్పుకి ఇంత రభసేంటన్నయ్యా?” చెల్లెలు లూర్దమ్మ విసుక్కుంది.

అలిగి గదిలోకి వెళ్ళిన రాయపరెడ్డి వెంటనే కేకపెట్టాడు.

“కార్డులు లేవు!”

ఒమన్‌లోని రూవీకి రాకముందు ఆయన ఇండియాలో బిషప్పుల మహాసభ ఆఫీసులో పదకొండేళ్ళు చేశాడు. ఈ 1993 సభకూ కార్డులు రాసిమ్మని ఆయన్నే అడిగారు. బిషప్పుకో కార్డు. దానిమీద ఆయన గది, భోజనం, కమిటీ. మొత్తం నూట పన్నెండు. ఆదివారం ఫ్లైట్‌కి వెళ్ళే ఫాదర్‌కి అందించాలి.

“పనిమనిషి పెట్టె తీయించు బావా!”

లూర్దమ్మ భర్త ఇన్నారెడ్డి రేకుపెట్టె తెరిచాడు. చీరల కింద కార్డుల కట్ట.

“దొంగమొహం!” అరిచాడు రాయపరెడ్డి. “ఆదివారమే ఫ్లైట్ ఎక్కించు. దీని వీసా మీద మా మరదల్ని తెప్పిస్తా.”

పనిమనిషి శాంతమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చింది. “నేను తియ్యలేదండీ. దొంగననిపించుకుని ఊరెళ్తే గుమ్మం తొక్కనివ్వరండీ.”

ఖాదర్‌వలి కడపలో ముప్పై ఏళ్ళు పోలీసు, హెడ్ కానిస్టేబులుగా రిటైరయ్యాడు. ఇప్పుడు ఇన్నారెడ్డి కంపెనీలోనే సెక్యూరిటీ ఆఫీసరు.

“నాలుగు మాటలడుగుతా.”

“రిటైర్డు హెడ్డుగారి ఇన్వెస్టిగేషనా!” వెక్కిరించాడు రాయపరెడ్డి.

“అనుకో సామీ. ఈ శుక్రవారం సెలవు పూజకి చర్చికి ఎన్నింటికి పోయినారు?”

“ఎనిమిదీ నలభై. తలనొప్పొచ్చి నేను పదీ ఇరవైకే తిరిగొచ్చా. మాత్ర వేసుకుని పడుకున్నా.”

“కార్డులు చూసుకున్నారా?”

“నిన్న సర్దాక ముట్టుకోలేదు.”

“శాంతమ్మా, అప్పుడు నువ్వెక్కడ?”

“డాబా మీద బట్టలుతుకుతున్నానండీ.”

“కార్డులు ముట్టుకున్నావా?”

ఆమె తటపటాయించింది. “పొద్దున దుమ్ము తుడుస్తుంటే చెయ్యి తగిలి పడ్డాయండీ.”

“చూశారా, ఒప్పుకుంది!”

“నేనూ ఏరాను,” అంది లూర్దమ్మ. “టైమవుతోందని ఎలా పడితే అలా పేర్చి రబ్బరు బ్యాండ్ వేశాం. నువ్వు అరుస్తావని చెప్పలేదన్నయ్యా.”

ఖాదర్‌వలి ఒక్కో కార్డూ తిప్పాడు. జేవియర్. ఆంథోనీ. మాథ్యూ.

“ఇదేం వరస? అక్షరాల వరస కాదే.”

రాయపరెడ్డి కట్ట లాక్కుని చకచకా చూశాడు. “సరిగ్గానే ఉంది. అభిషేకం తేదీల వరస. ముందు బిషప్పయినవారు ముందు కూర్చుంటారు. వయసుతో పనిలేదు.”

“కార్డు మీద ఆ తేదీ లేదు. నంబరూ లేదు.”

“ఎందుకు? అన్ని తేదీలూ నాకు కంఠతా. ఈ ఒమన్‌లో ఇంకెవడికీ రాదు.”

అనేశాక ఆయన మొహం పాలిపోయింది.

“చెల్లెమ్మా, పొద్దున కలగాపులగమైన కార్డులు పెట్టెలో దొరికేసరికి ఒక్కటీ వరస తప్పలేదు,” అన్నాడు ఖాదర్‌వలి. “ఇంకొకరి పెట్టెలో దాచేటప్పుడు కూడా ఈయనకి చెయ్యి ఊరుకోలా. అంతా ఆ వీసా కోసం.”



లూర్దమ్మ అందరినీ మళ్ళీ భోజనానికి కూర్చోబెట్టింది. శాంతమ్మకీ కుర్చీ లాగింది. మొదటి గరిటె పప్పు ఆమె కంచంలోనే వేసింది.

“శాంతమ్మ ఎక్కడికీ వెళ్ళదు. అన్నయ్యా, సాయంత్రానికి నువ్వు కంపెనీ రూమ్‌కి మారిపో.”

ఇన్నారెడ్డి తలెత్తలేదు.

“నీ తోడబుట్టినవాణ్ణే!”

“అందుకే ఈ పూట వడ్డిస్తున్నా,” అంది లూర్దమ్మ. “ఆఖర్న.”