బుధవారం ఆరింటి ప్రార్థన

ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. "మీ కోసం ప్రార్థన చేస్తాను" అని తాను మాటిచ్చి మరచిపోయిన వాళ్ళెవరో ఒకరోజు ఎదురుగా వచ్చి నిలబడి, "చేశారా?" అని అడుగుతారని.

బొద్దింకలంటే భయం లేదు. ఉరుములంటే లేదు. ఉరుముల్ని మించిపోయే అమ్మమ్మ గురక అన్నా లేదు. ఉన్నదల్లా ఈ ఒక్క భయమే.

ఆమె టైలరు. ముందు గది కొట్టు, వెనక గది ఇల్లు. కొట్టులో ఒక కుట్టు మిషను, ఒక నిలువుటద్దం, ఒక ఇస్త్రీ బల్ల. కిటికీ పక్క కుర్చీలో గుండీలు కుడుతూ, వచ్చేపోయే వాళ్ళ మీద వ్యాఖ్యానం చేస్తూ అమ్మమ్మ.

కొలతలు తీసేటప్పుడు మనుషులకు ఏమవుతుందో గానీ, అద్దం ముందు రెండు చేతులూ చాపి నిలబడగానే కడుపులో ఉన్నదంతా బయటపెట్టేస్తారు. పిల్లాడి పరీక్షలు, ఆడపడుచు మాటలు, ఎన్నాళ్ళకూ తగ్గని దగ్గు. ఆమె నోట్లో ఎప్పుడూ నాలుగు గుండుసూదులుంటాయి. వాటి సందులోంచే "ప్రార్థన చేస్తానండీ" అనేది. ఆ నిమిషానికి అది నిజమే. మనసు పెట్టే అనేది. మరచిపోకూడదని చీటీ మీద రాసి, చేతికందిన బట్టకు గుచ్చేది కూడా. ఆ తరువాత ఆ చీటీలు ఏమయ్యేవో ఆమెకే తెలియదు.

అలా ఊరికే మంచిపేరు వచ్చేసింది. "టైలరమ్మాయి ప్రార్థనాపరురాలు" అని చర్చి సంఘంలో అందరూ అనుకునేవారు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా ఆమెకు చొక్కా కాలరు బిగిసినట్టు ఉండేది.

*

ఒకనాడు మిషను మొరాయించింది. నాలుగు కుట్లు వేస్తుంది, రెండు వదిలేస్తుంది. మెకానిక్కును పిలిచారు.

అతను పొడుగ్గా, తడిసిన గొడుగుతో, గుమ్మానికి తల కొట్టుకుంటూ లోపలికొచ్చాడు. మిషను ముందు కూర్చుని, చక్రం ఒక్కసారి తిప్పి, వంగి చూసి, నవ్వు ఆపుకున్నాడు.

"ఏమైందండీ? షటిల్ పోయిందా?" అంది ఆమె కంగారుగా.

"లేదండీ."

"బెల్టా?"

"కాదండీ. సూది తిరగేసి పెట్టారు."

"నేనా? ఏడేళ్ళుగా కుడుతున్నాను!"

"మిషను కూడా ఏడేళ్ళుగా సూది ఒకే వైపు ఉండాలనుకుంటోందండీ."

కిటికీ దగ్గర అమ్మమ్మ పకపకా నవ్వింది. "బాబూ, సూది నేను పెట్టాను. కళ్ళజోడు కనపడక."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. అతని మీద కాదు, అమ్మమ్మ మీద. కానీ అమ్మమ్మ మీద అరిస్తే గుండీలు ఎవరు కుడతారు? అందుకని అతని మీదే చూపు విసిరింది. అతను ఆ చూపును తీసి జాగ్రత్తగా జేబులో దాచుకున్నట్టే కనిపించాడు. ఎందుకంటే వారం తిరగకుండానే, ఎవరూ పిలవకుండానే, నూనె డబ్బాతో మళ్ళీ వచ్చాడు.

"నూనె వేసి వెళదామని."

ఆ పై వారం కూడా వచ్చాడు.

"పోయినవారం వేశారు కదండీ!"

"అది ఇంకిపోయి ఉంటుందండీ. వానలు కదా."

వానకూ నూనెకూ సంబంధమేమిటో ఆమె అడగలేదు. అతను వచ్చే రోజు తల మళ్ళీ దువ్వుకునేది ఎందుకని అమ్మమ్మ కూడా అడగలేదు. దగ్గి ఊరుకుంది, అంతే.

ఆ రోజే అతను నూనె గుడ్డను మడతపెట్టి విప్పి, మళ్ళీ మడతపెట్టి, "ఒక సంగతి అడగనా అండీ?" అన్నాడు.

ఆమె గుండె కుట్టు వదిలేసింది.

"బుధవారం మా అమ్మకు మోకాలి ఆపరేషన్. అమ్మకు ఆస్పత్రంటే చచ్చేంత భయం. మీరు బాగా ప్రార్థన చేస్తారని అందరూ అంటున్నారు..."

"తప్పకుండా చేస్తానండీ!" నోట్లో సూదులు లేకపోవడంతో మాట ఎప్పటికన్నా గట్టిగా వచ్చింది. అక్కడితో ఆగితే బాగుండేది. "ఎన్నింటికి?"

"పొద్దున్న ఆరింటికి లోపలికి తీసుకెళతారట."

"అయితే సరిగ్గా ఆరింటికి మోకాళ్ళ మీద ఉంటాను. మీ అమ్మగారితో చెప్పండి."

అతను వెళ్ళగానే చీటీ రాసింది. "బుధవారం ఉదయం 6. మెకానిక్ గారి అమ్మ మోకాలు. ప్రార్థన." బల్ల మీదున్న బట్టకు గుచ్చింది. ఈసారి మరచిపోయే ప్రసక్తే లేదనుకుంది.

మంగళవారం సాయంత్రం బడి నుంచి కబురొచ్చింది. ముప్పై యూనిఫాం చొక్కాలు, శుక్రవారం అనుకున్నవి, బుధవారం మధ్యాహ్నానికే కావాలట. బుధవారం తెల్లవారుజామునే లేచి మిషను ముందు కూర్చుంది. సరిగ్గా ఆరింటికి పదకొండో కాలరు తిప్పి కుడుతోంది. మోకాళ్ళ సంగతి గుర్తు రావడానికి ఆమెకు మూడు వారాలు పట్టింది.

*

మూడు వారాల తరువాత, జోరున వాన కురుస్తుండగా, అతను యాపిల్ పళ్ళ సంచితో వచ్చాడు. ఈసారి కూడా గుమ్మానికి తల కొట్టుకున్నాడు గానీ పట్టించుకోలేదు.

"అమ్మ నడుస్తోందండీ! కర్ర పట్టుకుని వీధి చివరిదాకా!"

"ఎవరమ్మ?" అనబోయి నాలుక కరుచుకుంది. నిజంగానే కరుచుకుంది, కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఆ నీళ్ళు అతను ఇంకోలా అర్థం చేసుకున్నాడు.

"ఆ రోజు స్ట్రెచర్ మీద ఒకటే ఏడుపు. చెయ్యి వదలదు. నేనేమన్నానంటే, 'అమ్మా, టైం ఆరయింది. టైలరమ్మాయి ఇప్పుడు నీ కోసం మోకాళ్ళ మీద ఉంది' అన్నాను. అంతే. ఏడుపాపేసింది. తలుపులు మూసేదాకా నన్నే చూస్తూ నవ్వింది."

ఆమె చేతిలోంచి టేపు జారిపోయింది.

"ఏవండీ, నేను ఆ రోజు..."

"నాకు తెలుసండీ. మీరు చెప్పుకోరు. అందుకే నాకు మీరంటే..." అతని చెవులు ఎర్రబడ్డాయి. "మీ మిషనంటే... బెల్టు బాగానే ఉందా?"

"బాగానే ఉంది. అది కాదండీ, నేను..."

"ఆదివారం అమ్మ మీ సంఘానికే వస్తానంటోంది. దేవుడు చేసిన మేలు గురించి అందరి ముందూ సాక్ష్యం చెబుతుందట. మీ పేరుతో సహా!"

వానలో గొడుగు మరచిపోయి వెళ్ళిపోయాడు. ఆమె గొడుగు పట్టుకుని గుమ్మంలో నిలబడి, పిలవబోయి, పిలవలేకపోయింది.

"యాపిళ్ళు బాగున్నాయి," అంది అమ్మమ్మ, ఒకటి కొరుకుతూ. "నీ మొహమే బాగాలేదు."

ఆమె అంతా చెప్పింది. అమ్మమ్మ నమలడం ఆపేసింది.

"చెప్పెయ్యి."

"చెప్తే మళ్ళీ రాడమ్మమ్మా."

"రాకపోతే ఏం? ఇంకో మెకానిక్కు దొరకడా?"

"మిషనుకు దొరుకుతాడులే," అంది ఆమె నెమ్మదిగా.

అమ్మమ్మ సగం యాపిల్ మనవరాలి చేతిలో పెట్టింది. "పోనీ ఇప్పుడు చెయ్యి. దేవుడు గడియారం చూసుకుంటూ కూర్చుంటాడా?"

ఆమె అక్కడే బట్టల మధ్య మోకాళ్ళూనింది. మరుక్షణం "అమ్మో!" అని లేచింది. కింద గుండుసూది. దాన్ని తీసేసి మళ్ళీ కూర్చుంది. "ప్రభువా, బాగైపోయిన మోకాలి కోసం ప్రార్థన ఎలా చెయ్యాలో నాకు తెలియదు. దాన్ని అలాగే ఉంచు. నా నోటిని మాత్రం ఏదో ఒకటి చెయ్యి." ఆ రోజు నుంచి ప్రతి పొద్దున్నా ఆరింటికి అదే ప్రార్థన. శనివారం గొడుగు ఇచ్చే వంకతో చెప్పేద్దామని అతని షాపుకు కూడా వెళ్ళింది. తాళం వేసి ఉంది. గొడుగు తలుపు గొళ్ళానికి తగిలించి, తడుచుకుంటూ తిరిగొచ్చింది.

*

ఆదివారం అతని అమ్మ వచ్చింది. పొట్టిగా, గుండ్రంగా, చేతిలో కర్రతో, కొడుకు పట్టుకుంటానంటే విదిలించుకుంటూ. ముందు వరసలో కూర్చుని, పాటలైపోగానే లేచి నిలబడింది.

"నేను పిరికిదాన్ని," అని మొదలుపెట్టింది. "ఇంజెక్షన్ చూస్తే మంచం కింద దూరతాను. ఆ రోజు నన్ను మంచం కింద దూరకుండా ఆపింది మీ సంఘంలో ఉన్న ఒక పిల్ల. ఆ పిల్ల ఆరింటికి నా కోసం మోకాళ్ళ మీద ఉంది కాబట్టి..."

"లేనండీ!"

ఆ అరుపు ఎవరిదా అని ఆమె కూడా అటూ ఇటూ చూసింది. తనదే. తాను లేచి నిలబడి ఉంది.

"నేను ఆ రోజు ప్రార్థన చెయ్యలేదండీ. కాలర్లు కుడుతున్నాను. మరచిపోయాను. మీదే కాదు, చాలామందివి మరచిపోయాను. 'చేస్తాను' అంటాను, చెయ్యను. మీ అబ్బాయికి చెబుదామనుకున్నాను, నోరు రాలేదు. క్షమించండి."

ఎవరి పాపో చేతిలోని గిలక్కాయ కింద పడేసింది. అతను ఆమె వైపే చూస్తున్నాడు. అది ఎలాంటి చూపో తెలుసుకునే ధైర్యం లేక, ఆమె తన చెప్పుల వైపు చూసుకుంది.

"మరైతే," అంది ఆవిడ అయోమయంగా, "నా కోసం ఎవరు చేశారు?"

"నేను," అంటూ పాస్టరమ్మగారు లేచారు. "నేనూ, స్త్రీల సమాజమంతానూ. ఆ అమ్మాయి చీటీ పంపింది కదా?"

"నేనా?" అంది ఆమె.

"నా చలికోటు కుట్టి పంపావు కదమ్మా, సోమవారం. చేతి లోపల చీటీ గుచ్చి ఉంది. ఆ సాయంత్రం ప్రార్థన కూడికలో చెయ్యెత్తాను, సూది కసుక్కున దిగింది. 'అయ్యో ప్రభువా!' అన్నాను. అందరూ 'ఆమేన్' అన్నారు. తీసి చూస్తే, 'బుధవారం ఉదయం 6, మెకానిక్ గారి అమ్మ మోకాలు, ప్రార్థన' అని ఉంది. ఎంత శ్రద్ధ ఈ పిల్లకు, మరచిపోకుండా ఒంటికే గుచ్చి పంపింది అనుకున్నాను. బుధవారం ఆరింటికి పద్నాలుగు మందిమి ఫోన్లో కలిసి ప్రార్థన చేశాం."

ముందు నవ్వింది అమ్మమ్మ. తరువాత ఎవరూ ఆగలేదు. పాస్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మరి నువ్వు ఒక్కసారీ చెయ్యలేదా పిల్లా?" అంది ఆవిడ.

"చేస్తున్నానండీ, యాపిల్స్ వచ్చిన రోజు నుంచి. రోజూ ఆరింటికి. కానీ అప్పటికే మీరు నడుస్తున్నారు."

"అందుకే కాబోలు, రెండు రోజులుగా పరిగెత్తబుద్ధి అవుతోంది," అంది ఆవిడ.

*

ఆరాధన అయ్యాక బయట మళ్ళీ వాన. వాకిట్లో నాలుగు మెట్లు. ఆమె ఎవరి కంటా పడకుండా గోడవార జారుకుంటుంటే వెనక నుంచి కర్ర చప్పుడు.

"ఎక్కడికి? నాకు మెట్లు దిగడం ఇంకా భయమే. చెయ్యివ్వు."

ఆమె చెయ్యిచ్చింది. ఆవిడ బరువంతా ఆ చేతి మీదే వేసి ఒక మెట్టు దిగింది.

"నువ్వు ప్రార్థన చేసి ఉంటే, ఒక దండం పెట్టి వెళ్ళిపోయేదాన్ని." ఇంకో మెట్టు. "చెయ్యలేదని ఇంతమంది ముందు చెప్పావు చూడు." మూడో మెట్టు. "మా ఇంట్లో అబద్ధాలు చెప్పేవాడు ఒకడున్నాడు. వాడికి నీలాంటిది ఉంటే బాగుపడతాడు."

"అమ్మా! నేనేం అబద్ధాలు చెప్పాను?" అన్నాడు అతను, గొడుగు ఇద్దరి మీదా పట్టి తాను తడుస్తూ.

"నూనె," అంది అమ్మమ్మ వెనక నుంచి. "ఆ మిషనుకు నువ్వు పోసిన నూనెకు మూడు తెల్లచొక్కాలు నాశనమయ్యాయి బాబూ. దానికి మొదటి రోజు నుంచే ఏ జబ్బూ లేదు."

అతను ఆమె వైపు చూశాడు. చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి. "నిజమేనండీ. జబ్బు మిషనుకు కాదు."

"మరి ఎవరికి?"

"అందరి ముందూ చెప్పే ధైర్యం మీకున్నట్టు నాకు లేదండీ."

"అయితే నాలుగో మెట్టు దిగాక చెప్పండి," అంది ఆమె. "ఇక్కడ మీ అమ్మగారు నా చెయ్యి విరిచేస్తున్నారు."

నాలుగో మెట్టు దిగాక చెప్పాడు. వాన చప్పుడులో అమ్మమ్మకు వినపడలేదు. ఆ కోపం అమ్మమ్మకు వీళ్ళ పెళ్ళి రోజు దాకా తగ్గలేదు.

ఇప్పుడు ఆ కొట్టులో ఎవరైనా అద్దం ముందు నిలబడి కష్టం చెప్పుకుంటే, ఆమె ముందు నోట్లోంచి సూదులు తీస్తుంది. మెడలో టేపుతోనే, వాళ్ళ చెయ్యి పట్టుకుని, అక్కడికక్కడే రెండు ముక్కలు ప్రార్థన చేస్తుంది. "ముందు ఆయన నడుం కొలత తియ్యవే, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు," అని అమ్మమ్మ కేకేస్తుంది. మర్నాడు ఆమె వాళ్ళకు ఫోన్ చేసి, "ఎలా ఉందండీ?" అని అడుగుతుంది. అది అతను నేర్పిన పద్ధతి. బాగుచేసిన మిషనును వారం తరువాత ఒకసారి చూసి రావాలట. అవసరం ఉన్నా, లేకపోయినా.

మీరు కూడా ఈమధ్య ఎవరి గుమ్మంలోనో చెప్పులు వేసుకుంటూ, "మీ కోసం ప్రార్థన చేస్తాంలెండి" అనే ఉంటారు. వాళ్ళు ఆ మాటనే పట్టుకుని కూర్చుని ఉంటారు. ఇది పక్కన పెట్టి, వాళ్ళకు ఇప్పుడే ఒకసారి ఫోన్ చెయ్యండి. ఎలా ఉన్నారో అడగండి.