గౌరి రాసుకున్న సొంత ఊరు

"సొంత ఊరు ఢిల్లీ అని రాస్తే ఎలాగండీ?" అంటూ గుమాస్తా త్యాగరాజు సెలవు ప్రయాణాల ఫారం తిప్పి గౌరి చేతిలో పెట్టాడు.

ఢిల్లీలోని ఆ సర్కారు ఆఫీసులో చేరి రెండు నెలలే అయినా, ఆ అమ్మాయికి కోపం ముక్కు మీదే ఉంటుందని అందరికీ తెలుసు.

"మరేం రాయాలి? పుట్టింది, పెరిగింది సరోజినీ నగర్‌లోనే."

"రాసుకోండి, నాకేటి? మేమంతా సర్కారు ఖర్చుతో రైలెక్కి సొంతూరు పోతాం. మీరు డీటీసీ సిటీ బస్సెక్కి పోదురు గాని. ఆలోచించుకుని రాయండి, ఆర్నెల్ల టైముంది."

లాన్‌లో డిసెంబరు ఎండ కాగుతూ వేరుశనక్కాయలు ఒలుస్తున్న స్టాఫంతా గొల్లున నవ్వారు. గౌరి కూడా నవ్వేసింది. ఆ నవ్వు చూస్తూ త్యాగరాజు పప్పులు గడ్డిలో పారేసి తొక్కలు నోట్లో వేసుకున్నాడు.

"మీదే ఊరు?"

"భీమిలి. అదే, భీమునిపట్నం. సముద్రం ఒడ్డున."

"అచ్ఛా! నేను సముద్రాన్ని సినిమాల్లోనే చూశాను."

ఇరవై రెండేళ్లొచ్చి సముద్రం చూడని మనిషా! త్యాగరాజుకి ప్రాణం ఉసూరుమంది. లంచ్ అవర్ అయిపోయేదాకా భీమిలి గురించే చెప్పాడు.

"మాది అరిచే సముద్రం కాదండీ. వచ్చి కాళ్లు తడిపి పోద్ది, అంతే. చిన్నపిల్లలు కూడా ఒడ్డునే కూచుని ఆడుకుంటారు."

"మా నాన్నమ్మకి బకెట్‌లో నీళ్లన్నా భయమే!"

"ముందు ఆవిడ్నే దింపండి."

ఆ ఏడు, తనూ సర్కారు ఉద్యోగే అయిన గౌరి తండ్రి లక్ష్మీపతికి, ఆఫీసు ఖర్చుతో దేశంలో ఎక్కడికైనా వెళ్లే సెలవు ప్రయాణం వచ్చింది. గౌరి పట్టుపట్టి భీమిలికే ఒప్పించింది. త్యాగరాజు ఓ కాగితం మీద బస్టాండు, లైట్‌హౌస్, ఏరు సముద్రంలో కలిసే చోటు, పడవలు లాగిపెట్టే చోటు, అన్నీ గీసి పేర్లు రాసిచ్చాడు.

తన ఇల్లు మాత్రం గీయలేదు. రెండు గదుల పెంకుటిల్లు. అమ్మ సీతారత్నం అప్పడాలు ఒత్తి అమ్ముతుంది. సర్కారు క్వార్టర్స్‌లో పెరిగిన అమ్మాయి ఆ ఇల్లు చూస్తే ఏమనుకుంటుందో! మొదటి రోజు నుంచీ మనసులో దాచుకున్న ఇష్టం అక్కడితో ముగిసిపోతుందేమోనని భయం.

ఫిబ్రవరిలో పది రోజులు ఆఫీసు బోసిపోయింది. పదకొండో రోజు ఎండకి కమిలిన ముఖంతో గౌరి లాన్‌లోకి వచ్చింది. ఇంత అందమైన మనిషిని తానెక్కడా చూడలేదనుకున్నాడు త్యాగరాజు.

"మీరు నాతో అబద్ధం చెప్పారు," అంది గౌరి.

"నేనా? ఏం అబద్ధమండీ?" అన్నాడు త్యాగరాజు.

"సగమే చెప్పారు. పొద్దున్నే ఆ నీళ్లు ఎంత మెత్తగా ఉంటాయో చెప్పారా? నాన్నమ్మ మొదటి రోజు పొడి ఇసుకలో కూచుంది. రెండో రోజు తడి ఇసుకలో. మూడో రోజు అలల్లోనే! లేవమంటే నన్నే కసిరింది. నాన్న ఆఫీసు మాటెత్తకుండా నాలుగు రోజులు గవ్వలు ఏరారు. అంత శాంతంగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు."

ఆమె మడతలు నలిగిన ఆ కాగితం తీసింది. లైట్‌హౌస్ పక్కన ఎర్ర సిరాతో ఇంటూ గుర్తు ఉంది.

"ఇదేటండీ?"

"మీ ఇల్లు. మీరు మర్చిపోయారుగా! అప్పడాలు ఆరబెడుతున్న ఆవిడకి ఈ కాగితం చూపించి దారి అడిగాను. 'ఇది మా రాజు రాతే' అని నా చెయ్యి పట్టుకున్నారు. ఇక రోజూ సాయంత్రం మేమంతా మీ అరుగు మీదే."

"ఇల్లు చిన్నదండీ..." నసిగాడు.

"ఎదురుగా అంత సముద్రం పెట్టుకుని ఇల్లు చిన్నదంటారేం?"

గౌరి బ్యాగులోంచి ఫారం తీసి అతని ముందు పెట్టింది. సొంత ఊరు: భీమునిపట్నం.

"ఇలా కుదరదండీ," అన్నాడు గుమాస్తా గొంతుతో. "అక్కడ మీకు దగ్గరి బంధువులుండాలి."

"తెలుసు. ఆ కాలమ్ ఖాళీగానే ఉంచాను. మీరు నింపండి."

అతనికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక చెవులు ఎర్రబడ్డాయి. "మరి... మీ నాన్నగారు?"

"ఆదివారం భోజనానికి రమ్మన్నారు. నాన్నమ్మ అయితే మళ్లీ భీమిలి ఎప్పుడని రోజూ అడుగుతోంది."

త్యాగరాజు పెన్ను తీశాడు. ఆ ఖాళీలో రాశాడు: సీతారత్నం, అత్తగారు.

గౌరి చదువుకుని, తల వంచి నవ్వింది. "ఠీక్ హై. ఇక పైకి పంపించండి."

"ఇప్పుడే ఎలా పంపుతాను? ఇది ఇంకా నిజం కాలేదు కదండీ!"

"అయితే త్వరగా ముహూర్తం చూడండి మరి. మీరిచ్చిన ఆర్నెల్లలో నాలుగే మిగిలాయి."