చింపని చావుకబురు

వైశాఖ బహుళ అమావాస్య... మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు!

దయ్యాలకు అర్ధరాత్రే ముహూర్తమని నమ్మేవాళ్లు అమాయకులు. మనిషి నీడ భయపడి అతని కాళ్ల కిందే దాక్కునే నడిమధ్యాహ్నపు ఘడియ అంతకంటే చెడ్డది. ఆ రోజు ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ మీద సూర్యుడు కూడా లేడు. ఉదయమంతా నిప్పులు చెరిగిన ఆకాశం పదకొండు దాటేసరికి కారునలుపు తిరిగింది. అర్పా నది వైపు నుంచి ఎర్రదుమ్ము లేచింది. ఊరి చివర మోప్కాలో కొత్త ఇళ్ల వరసకు దూరంగా, ఒంటరిగా నిలబడ్డ రాఘవయ్య బంగళా మీద పిడుగు పడ్డట్టు ఉరిమింది. దాని వెంటిలేటర్లో ఒక గుడ్లగూబ పట్టపగలే కళ్లు తెరిచి... ఘూక్... ఘూక్... అని మూలిగింది!

సరిగ్గా అప్పుడే గేటు ముందు స్కూటర్ ఆపాడు రమణబాబు. వెనక సీటు మీద భార్య తనూజ. అతని చొక్కా జేబులో, ప్లాస్టిక్ కవరులో భద్రంగా ఒక ఉత్తరం ఉంది. అరవై ఏళ్లకు పైగా ఎవరూ విప్పని ఉత్తరం!

రమణబాబు రైల్వేలో గుమస్తా. తాత చీపురుపల్లి నుంచి లోకో షెడ్డు పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. మనవడికి అబ్బింది మాత్రం కాగితాల పిచ్చి. పాత పుస్తకాలు, రాసినవాళ్ల సంతకాలున్న ప్రతులు, జమీందార్ల లేఖలు, జైలు నుంచి రాసిన ఉత్తరాలు... ఎక్కడ పాత పెట్టె తెరుస్తున్నారన్నా అక్కడ వాలిపోతాడు. చీరల బీరువాలో చీరలకు చోటు లేదు, శతకాలున్నాయి. నవ్వాలో ఏడవాలో తెలియని సంగతేమంటే, హిందీ స్కూల్లో చదివిన ఈ మహానుభావుడికి తెలుగు చదవడం రాదు! తన పేరు మాత్రం కూడబలుక్కుంటాడు. మిగతాదంతా తనూజే చదివి వినిపించాలి. ఆవిడది టెక్కలి, తెలుగులో డిగ్రీ. పెళ్లైన పదహారేళ్లుగా ఆవిడ కళ్లతోనే అతను తన పుస్తకాలను చూస్తున్నాడు.

ఈ ఉత్తరం దొరికింది ఆ ఊళ్లోనే, లాల్‌ఖదాన్ బస్తీలో. ఒకప్పుడు ఆవిరి ఇంజన్ల మీద ఫైర్‌మన్‌గా పనిచేసిన పోలయ్య చనిపోయి చాలా కాలమైంది. అతని మనవడు గోవిందరావు ఇల్లు ఖాళీ చేస్తూ తాత ఇనప్పెట్టెను రమణబాబు చేతిలో పెట్టాడు. "తాత రోజూ దీన్ని తీసి చూసీవాడు, మళ్లీ పెట్టీసీవాడు. ఒక్కసారి కూడా విప్పలేదు అంకుల్. క్యా పతా ఏటుందో!" అన్నాడు.

ఇంటికి తెచ్చి చూపించగానే తనూజ ముఖం పాలిపోయింది.

"ఏటండీ ఇది? మూలకి నల్ల సిరా పూసుంది, సూడండి. సావు కబురండీ! ఇలాటిది ఇంట్లో ఉంచుకుంటారేటి? విన్నోళ్లు విన్నట్టు తలకి పోసుకుని, ఏడ్సి, చింపీసి పారీసీవోళ్లు మా ఊర్లో. గుమ్మం లోపలికే తెచ్చీవోళ్లు కారు!"

"అరే పగ్లీ, పిచ్చిదానా, ఇది విప్పని ఉత్తరం! విప్పితే దీని వేల్యూ ఖతం," అని నవ్వాడు రమణబాబు. నవ్వి, ఫొటో తీసి పుస్తక సేకర్తల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు.

పది నిమిషాల్లో ఫోన్ వచ్చింది. రాఘవయ్య!

ఆ పేరు వింటే సేకర్తలందరికీ గౌరవం, కాస్త భయం. ఎక్కడో పెద్ద ఆఫీసరుగా రిటైరయ్యానని చెప్పుకుంటాడు. ఏ ఊరివాడో, వయసెంతో ఎవరికీ తెలియదు. అతను ఇస్తానన్న మారు బేరం విని రమణబాబు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నూట ముప్పై ఏళ్ల కిందటి శృంగార కావ్యం... రాసిన కవి స్వహస్తాలతో సంతకం చేసిన ప్రతి... లోకంలో మిగిలిన ఒకే ఒక్క ప్రతి! షరతు ఒకటే. అమావాస్య మధ్యాహ్నం తన ఇంట్లో ఉత్తరం విప్పాలి. లోపల తెల్లకాగితం లేదని తేలేలా ఒక ఆడమనిషి పైకి చదవాలి, రమణబాబు ఎదురుగా కూర్చుని వినాలి.

ఏ బుద్ధి ఉన్నవాడైనా ఆ షరతుకు బెదిరేవాడు. ఆశపడ్డవాడికి బుద్ధి ఎక్కడుంటుంది? మూడు రోజులు బతిమాలి, చివరి రోజు అలిగి, తనూజను ఒప్పించాడు.

బంగళాలో పగలే దీపాలు వెలుగుతున్నాయి. గోడల నిండా పుస్తకాలు. గుగ్గిలం పొగ... దాని అడుగున ఏదో కుళ్లిన వాసన! నడుమ నల్లబల్ల మీద ఎర్రపట్టులో చుట్టిన ఉత్తరాల కట్ట, ఆ కట్ట మీద బరువుగా పెట్టిన మనిషి కపాలం!

"కంగారు పడకండి. పాతకాలపు అలంకారం," అన్నాడు రాఘవయ్య. తెల్లటి లాల్చీ, పండిన జుట్టు, తీయటి గొంతు. రమణబాబు ముందుకు కావ్యాన్ని జరిపాడు. పసుపు పచ్చని అట్ట మీద వంకర సంతకం చూడగానే రమణబాబు కపాలాన్ని మర్చిపోయాడు. రాఘవయ్య రెండు మైనపు ఉండలను వేళ్లతో నలిపి చెవుల్లో దూర్చుకోవడం మాత్రం కంట పడింది. అడిగితే ఏమనుకుంటాడో అని ఊరుకున్నాడు.

"చదవండమ్మా," అన్నాడు రాఘవయ్య.

తనూజ కవరు విప్పి కాగితం బయటికి తీసింది.

"చిరంజీవి పోలయ్యకి మీ చినాన్న అమ్మన్న దీవించి రాయించునది. మొన్న సోమారం పొద్దుగూకే వేళ మీ అమ్మ అసిరమ్మ కాలం చేసింది. నెల్లాళ్లు మంచాన పడి గుమ్మం కేసే చూస్తా ఉండింది..."

ఫెళ్లుమని పిడుగు! దీపాలన్నీ ఒక్కసారిగా నీలంగా మారాయి!

తనూజ చేతిలోంచి కాగితం జారింది. మెడ వెనక్కి విరిగింది. జడ విడిపోయింది. కళ్లలో నల్లగుడ్లు మాయమై... నోటి నుంచి ముసలి గొంతు, బీడువారిన గొంతు, ఎంతో దూరం నడిచి అలిసిపోయిన గొంతు పలికింది!

"పోలీ... ఒచ్చినావేట్రా నాయినా? ఎన్నాళ్లయ్యిందిరా సూసి... ఇటు రారా..."

ఆ చేతులు రమణబాబు వైపే చాచుకున్నాయి.

రాఘవయ్య మెరుపులా లేచి ఉత్తరాన్ని కపాలం కింద తొక్కిపెట్టాడు. పిడికెడు కుంకుమ ఆమె ముఖాన కొట్టాడు. ఆ సౌమ్యమైన ముఖం ఇప్పుడు లేదు!

"హ్రీం... క్రోం... అసిరమ్మా! చింపని కబురులో చిక్కుకున్న ప్రేతమా! నేటి నుంచి నువ్వు నా దాసివి! ఈ ఏడు నాకు రావలసిన మృత్యువును ఈ ఆడదాని ఒంట్లో నింపు!"

"సార్! ఏం చేస్తున్నారు సార్? వదిలెయ్యండి, ఛోడ్ దో ఉస్కో!" అని అరిచాడు రమణబాబు.

అతని పెదవుల కదలిక చూసి రాఘవయ్య వికటంగా నవ్వాడు. "ఏటా ఒక్క చావుకబురు! నూట ఏడు ఉత్తరాలు... చదివిన నూట ఏడుగురు ఆడవాళ్లూ నా బదులు పోయారు! ఇది నూట ఎనిమిదోది. దీంతో నాకు ఇక చావే లేదు!"

రమణబాబు కళ్ల ముందే తనూజ గోళ్లు నీలమెక్కాయి. కణతల దగ్గర జుట్టు తెల్లబడింది. నిన్నటిదాకా నున్నగా ఉన్న చెంపలు ముడతలు పడ్డాయి. గడియ గడిస్తే ఆమె ఉండదు!

"ఆ ఉత్తరం చింపేస్తాను!"

"చింపు!" అన్నాడు రాఘవయ్య చేతులు కట్టుకుని. "ఆ కుర్చీలో కూర్చుని విన్న నూట ఏడుగురూ నీలాంటి కాగితాల పిచ్చివాళ్లే. ఏరి ఏరి తెచ్చుకున్నాను. విన్నవాడు చింపితే ప్రేతం నాకు దక్కదు. కానీ ఒక్కడికీ చెయ్యి రాలేదు. పుస్తకం తీసుకుని ఇంటికి పోయి, పెళ్లానికి జ్వరమొచ్చి పోయిందని ఏడ్చారు. ఇదిగో, నీ కావ్యం. తీసుకో."

దాచడమెందుకు? ఒక్క క్షణం... ఒకే ఒక్క క్షణం... రమణబాబు చెయ్యి పుస్తకం వైపే కదిలింది. ఆ క్షణాన్ని తలుచుకుంటే ఈనాటికీ అతనికి అన్నం సహించదు.

మరుక్షణం అతను కపాలాన్ని తోసి ఉత్తరాన్ని లాగాడు. కపాలం పళ్లు అతని వేళ్లలో దిగబడ్డాయి! నెత్తురు కారుతున్న చేతులతో కాగితాన్ని రెండువైపులా పట్టి లాగాడు. చిరగలేదు! అరవై ఏళ్ల నాటి పెళుసు కాగితం ఏనుగు తోలై కూర్చుంది!

తలకి పోసుకుని, ఏడ్సి, చింపీసి... తనూజ మాటలు చెవుల్లో గింగురుమన్నాయి. అతను తలుపు బద్దలయ్యేలా తోసి వాకిట్లోకి దూకాడు. అప్పుడే ఆకాశం పగిలింది. కుండపోత! కట్టుబట్టలతో, తల నుంచి పాదాల దాకా తడిశాడు.

ఇక ఏడవాలి. ఎవరి కోసం? ముఖం కూడా తెలియని అసిరమ్మ కోసమా?

తన తల్లి శాంతాదేవి గుర్తొచ్చింది. నాలుగేళ్ల కిందట ఆవిడ ఆసుపత్రిలో ఆఖరి ఊపిరి తీసినప్పుడు ఇతను రాయపూర్‌లో ఎవరి ఇంట్లోనో పాత గ్రంథాల దుమ్ము దులుపుతున్నాడు. ఫోన్ పద్దెనిమిది సార్లు మోగింది. సంతకం ఉన్న పేజీ కోసం వెతుకుతూ ఎత్తలేదు. శవం దగ్గర కూడా పదిమందీ చూస్తున్నారని సిగ్గుపడి ఏడవలేదు. నాలుగేళ్లుగా గొంతులో ఇరుక్కున్న ఆ ఏడుపు ఇప్పుడు పెల్లుబికింది.

"అమ్మా! అమ్మా... రాలేకపోయానమ్మా!"

వానలో మోకాళ్ల మీద కూలబడి పసివాడిలా ఏడ్చాడు. అది ఎవరి అమ్మ కోసమో అతనికీ తెలియదు, ఆకాశానికీ తెలియదు. చేతుల్లో కాగితం... పర్ర్‌ర్... మని చిరిగింది! రెండు ముక్కలు... నాలుగు ముక్కలు...

బంగళా లోపల రాఘవయ్య కెవ్వుమన్నాడు! వెంటిలేటర్లోని గుడ్లగూబ రాయిలా నేల రాలింది!

రమణబాబు పరుగున లోపలికి వచ్చేసరికి తనూజ నిటారుగా నిలబడి ఉంది. ఆమెలోని అసిరమ్మ ఇక ఎవరికీ దాసి కాదు. కబురు అందింది, కన్నీరు అందింది. కన్నతల్లి పెడబొబ్బ ముందు ఏ మంత్రం నిలుస్తుంది?

"నా కొడుకుని బతికినన్నాళ్లూ నోరు మూయించిన కబురుతో యాపారం సేస్తావురా, సచ్చినోడా? ఇంతమంది తల్లుల కబుర్లు మూటగట్టి, నువ్వు ఒక్కటీ ఇనలేదేం? ఇనూ!"

ఆ వేళ్లు రాఘవయ్య చెవుల్లోని మైనపు ఉండలను పెరికి పారేశాయి!

ఎర్రపట్టు దానంతటది విడిపోయింది. నూట ఏడు ఉత్తరాలు గాలిలోకి లేచాయి. ఒక్కొక్కటీ గొంతెత్తింది. మీ అమ్మ పోయింది... మీ అన్న పోయాడు... పసిగుడ్డు దక్కలేదు... నూట ఏడు చావుకబుర్లు ఒకేసారి, ఒకే మనిషి చెవుల్లో! ఒక్క చావుకబురే ఇల్లు కూలుస్తుంది. రాఘవయ్య చెవులు మూసుకున్నాడు. ఆ అరచేతుల్లోంచి నెత్తురు కారింది. ఒక్కో కబురుకు ఒక్కో ఏడు అతని మీద పడింది. పళ్లు రాలాయి, చర్మం ఎండి ఎముకలకు అతుక్కుంది.

"వద్దు... చదవద్దు... ఆపండి!"

ఎవరూ ఆపలేదు. చివరి ఉత్తరం చదవడం పూర్తయ్యేసరికి నేల మీద తెల్లటి లాల్చీ, దాని లోపల గుప్పెడు బూడిద మిగిలాయి. ఉత్తరాలన్నీ తమంత తామే చిరిగి ఆ బూడిద మీద రాలాయి.

తనూజ రమణబాబు చేతుల్లోకి ఒరిగిపోయింది. గోళ్లకు రంగు వచ్చింది, చెంపలు నున్నబడ్డాయి. కణతల దగ్గరి తెల్లజుట్టు మాత్రం అలాగే ఉండిపోయింది.

సాయంత్రానికి వాన వెలిసింది. ఇద్దరూ ఉత్తరం ముక్కల్ని అర్పాలో కలపడానికి వెళ్లారు. ఆ కావ్యం బంగళాలోనే ఉంది. దాని మాట ఇద్దరూ ఎత్తలేదు. రమణబాబు ఒక్కో ముక్కా నీళ్లలో వదులుతుంటే తనూజ అతని చెయ్యి పట్టుకుంది.

"ఆగండి. ఇది ఉత్తరంలో సివరి ముక్కండీ. దీన్ని నేను ఇంతవరకూ చదవనేలేదు."

చీకటి పడకముందు మిగిలిన కాస్త వెలుతురులో ఆవిడ చదివింది.

"నువ్వు రాలేదని కుమిలిపోకు. రావద్దని మీ అమ్మే అన్నది. గుంటడికి డూటీ ఉంటాది, సెలవు దొరకదు, వాడికి తెలియనివ్వకండి అన్నది. ఏటి తిన్నాడో అని ఒక్క మాట అడిగి కన్ను మూసింది."

రమణబాబు నీళ్ల అంచున కూర్చున్నాడు. రోజూ పెట్టె తీసి, ఆ ఉత్తరం చూసి, తల్లి తనను శపించి పోయి ఉంటుందన్న భయంతో మళ్లీ పెట్టేసిన పోలయ్య... అందులో ఉన్నది ఇదా? ఈ నాలుగు మాటల కోసమా ఆ మనిషి జీవితమంతా గడగడలాడింది? తన తల్లి శాంతాదేవి తన గురించి ఏమి అడిగి పోయిందో రమణబాబుకు తెలియదు. కళ్లు తుడుచుకుని ఫోన్ తీశాడు.

"గోవిందరావూ, మీ తాత వాళ్లమ్మ పోయింది. మీ ఇంట్లో అందరూ తలకి పోసుకోండి."

"అంకుల్... ఏటంటన్నారు? కబ్? ఎప్పుడు?"

"కబురు ఇప్పుడే వచ్చింది, బాబూ."